కదలకుండా కూర్చున్నా మనిషి మనిషే!

ఇంట్లో అక్కర్లేని దీపాలు ఆర్పే ఉద్యోగం ఎవరిదండీ? జీతం బత్తెం లేకుండా ఆ ఉద్యోగం మనదే కదూ! మగవాళ్లు లేచి వెళ్లిపోయిన గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. పిల్లలు బాత్‌రూంలోంచి వచ్చేస్తారు, లైటు మాత్రం అక్కడే ఉండిపోతుంది. చేతిలో గరిటె పట్టుకునే వెళ్లి, స్విచ్చి ఆపేసి, గొణుక్కుంటూ మళ్లీ పొయ్యి దగ్గరికి వస్తాం. అందుకే "మనిషి వస్తే వెలుగుతుంది, మనిషి వెళ్తే ఆరిపోతుంది" అని షాపువాడు ఏదైనా చూపిస్తే మన ప్రాణం లేచివస్తుంది.

ఇప్పుడు ఇలాంటివి ప్రతి ఊళ్లోనూ దొరుకుతున్నాయి. అయితే వీటిలో రకాలున్నాయి. అన్నీ "సెన్సార్ లైట్లే" అని ఒకే గాటన కట్టేస్తే చిక్కే. ఇంటర్‌తో చదువు ఆగిపోయిన ఆవిడ ఇంజనీరింగు సంగతులు చెబుతోందేమిటి అనుకోకండి. మిక్సీ కొనేటప్పుడు, కుక్కరు కొనేటప్పుడు నలుగుర్నీ అడిగి వివరాలు తెలుసుకుంటాం కదా! ఇదీ అంతే. పైగా ఇది మా ఇంట్లో ఒక పెద్ద ప్రాణంతో ముడిపడిన సంగతి.

మా అత్తయ్యగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. మాది తెనాలిలో పాత ఇల్లు. ఆవిడ గదికి ఆనుకుని వసారా, వసారా చివర బాత్‌రూం. రాత్రి రెండుమూడుసార్లు లేస్తారు. స్విచ్చి తడుముకోవడం కష్టంగా ఉందని మా వారు బాత్‌రూంలో సెన్సార్ బల్బు పెట్టించారు. అడుగు పెట్టగానే వెలిగేది. ఆవిడ మురిసిపోయారు. నాలుగో రోజు రాత్రి "అమ్మాయ్! అమ్మాయ్!" అని కేక వినిపించి పరుగెత్తాను. లోపల చీకటి. ఆవిడ కమోడ్ మీద కూర్చుని కుళాయి పట్టుకుని ఉన్నారు. "నేను కూర్చున్న కాసేపటికే ఇది ఆరిపోతోందమ్మా. చెయ్యి ఊపితే గానీ వెలగదట. ఈ వయసులో చీకట్లో కూర్చుని ఎవరికి టాటా చెప్పను?" అన్నారు.

నవ్వొచ్చింది గానీ గుండె కూడా జల్లుమంది. మా వీధిలోనే ఒక పెద్దావిడ రాత్రిపూట చీకట్లో కాలు జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆ తరువాత ఆ ఇంట్లో అందరి బతుకూ మంచం చుట్టూనే తిరిగింది. లేచి నిలబడే ఆ ఒక్క క్షణంలో దీపం ఆరిపోతే పెద్దవాళ్లకి ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

బల్బు ఎందుకు ఆరిపోయింది?

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా పెద్దబ్బాయిని అడిగాను. వాడు చెప్పింది నా మాటల్లో చెబుతాను.

మామూలుగా చౌకగా దొరికే సెన్సార్లని పి.ఐ.ఆర్. అంటారు. అది తనంతట తాను ఏమీ పంపదు. మన ఒంటి వేడిని గమనిస్తుంది, అంతే. దాని ముందు గుండ్రంగా, గీతలు గీతలుగా ఉండే తెల్లటి ప్లాస్టిక్ మూత ఉంటుంది చూడండి, అది గదిని ముక్కలు ముక్కలుగా విడదీసి చూపిస్తుంది. వెచ్చటి ఒళ్లు ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి వెళ్తే "ఎవరో కదిలారు" అని దానికి తెలుస్తుంది. కదలకుండా కూర్చుంటే ఇక దాని దృష్టిలో మనం లేనట్టే! అంటే అది మనిషిని కాదు, కదలికని మాత్రమే చూస్తుంది.

ఇంకో సంగతి. అది వేడిలో తేడాని బట్టి పనిచేస్తుంది. మన ఎండాకాలంలో గోడలే మనిషి ఒంటితో సమానంగా కాలిపోతుంటాయి. అప్పుడు గోడకీ మనిషికీ తేడా తెలియక అది మందగిస్తుంది. అద్దం అడ్డం వచ్చినా దానికి కనబడదు.

అలాగని పనికిరానిదని కాదు. మెట్ల దగ్గర, వాకిట్లో, కారు పెట్టే చోట అది బంగారం లాంటిది. అక్కడ మనం నిలబడిపోము, నడిచి వెళ్లిపోతాం. ధర తక్కువ, బ్యాటరీతో కూడా నెలల తరబడి నడుస్తుంది. కానీ జపం చేసుకునే గది, పిల్లలు చదువుకునే బల్ల, బాత్‌రూం ఇలా మనిషి కుదురుగా ఉండే చోటికి అది చాలదు.

మరి ఏది కావాలి?

"రాడార్ సెన్సార్ కావాలమ్మా" అన్నాడు మావాడు. రాడార్ అంటే విమానాల కోసం వాడేది కదా, మన బాత్‌రూంలో ఏం పని అని మీరు అనుకున్నట్టే నేనూ అన్నాను. "నీ మైక్రోవేవ్ ఓవెన్ ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావు?" అన్నాడు వాడు. నిజమేనట. 1935లో ఇంగ్లండులో వాట్సన్ వాట్ అనే ఆయన రేడియో తరంగాలతో విమానాన్ని కనిపెట్టవచ్చని చేసి చూపించారు. యుద్ధకాలంలో రాడార్ పరికరాలు తయారుచేసే అమెరికా కంపెనీలో పెర్సీ స్పెన్సర్ అనే ఆయన 1945లో జేబులోని చాక్లెట్ కరిగిపోవడం గమనించి, దాంతో వంట చేయవచ్చని కనిపెట్టారట. అలా పుట్టింది మన మైక్రోవేవ్ ఓవెన్. కాబట్టి రాడార్ బంధువొకటి వంటింట్లోకి ఎప్పుడో వచ్చేసింది!

మనవాళ్ల పాత్ర కూడా ఉంది. కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ గారు 1895లోనే ఇలాంటి తరంగాలని అందరి ముందు పంపించి, దూరాన ఉన్న గంట మోగించారు. అలల పొడవు అయిదు మిల్లీమీటర్ల వరకు తగ్గించి ప్రయోగాలు చేశారాయన. ఈనాడు కొన్ని సెన్సార్లలో వాడుతున్న 60 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సరిగ్గా అంతే, అయిదు మిల్లీమీటర్లు. 24 గిగాహెర్ట్జ్ వాటిలో అయితే పన్నెండున్నర మిల్లీమీటర్లు.

ఇది పనిచేసే తీరు సులువే. ఖాళీ మండపంలో నిలబడి కేకేస్తే మన గొంతు మనకే తిరిగి వినిపిస్తుంది కదా! ఈ సెన్సార్ కూడా కంటికి కనబడని తరంగాన్ని పంపి, అది తగిలి వెనక్కి వచ్చేదాకా చెవి ఒగ్గి ఉంటుంది. ఎంత దూరంలో తగిలిందో లెక్కకడుతుంది. తగిలిన వస్తువు కదులుతుంటే, స్టేషన్‌లోకి వచ్చే రైలు కూత ఒకలా, దాటిపోయే రైలు కూత ఒకలా వినిపించినట్టు, తిరిగి వచ్చే తరంగంలో తేడా ఉంటుంది. గోడ ఊపిరి పీల్చదు, మనిషి పీలుస్తాడు. కదలకుండా కూర్చున్నా ఊపిరికి గుండె పైకీ కిందికీ కొన్ని మిల్లీమీటర్లు ఆడుతుంది. తరంగమే మిల్లీమీటర్లలో ఉండడంతో ఆ కాస్త కదలిక కూడా దానికి తెలిసిపోతుంది. దుప్పటి కప్పుకున్నా, దోమతెర కట్టుకున్నా అడ్డం కాదు.

"ఏమిటీ, నా ఊపిరి కూడా లెక్కపెడుతుందా?" అన్నారు మా అత్తయ్యగారు. "ఉన్నారని తెలుసుకోవడానికే నాయనమ్మా" అన్నాడు మావాడు. ఆవిడ నవ్వేశారు.

కెమెరా వద్దన్న సంగతి

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. ఆ రాత్రి సంగతి తెలిసి అమెరికాలో ఉన్న మా మరిది కంగారుపడ్డాడు. "వదినా, అమ్మ గదిలో ఒక కెమెరా పెట్టేద్దాం, నేనిక్కడినుంచి చూసుకుంటూ ఉంటాను" అన్నాడు. తల్లి మీద ప్రేమతోనే అన్నాడు, అందులో సందేహం లేదు. కానీ అత్తయ్యగారి ముఖం చిన్నబోయింది. కొడుకు ఫోను పెట్టేశాక నాతో మెల్లగా అన్నారు. "చీర కట్టుకునే గదిలో కన్ను పెడతారటమ్మా. పడిపోతే పడిపోతాను గానీ అది మాత్రం వద్దు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. పెద్దవాళ్లయ్యాక మానం అభిమానం ఉండవని ఎవరన్నారు? నేనే మరిదికి ఫోను చేసి, "కెమెరా పెట్టడం కుదరదయ్యా, అత్తయ్యగారికి ఇష్టం లేదు" అని గట్టిగా చెప్పాను. కాస్త నొచ్చుకున్నాడు. ఇంట్లో కోడలు అడ్డం పడిందని అనుకున్నా అనుకుని ఉంటాడు. ఫరవాలేదు.

రాడార్ సెన్సార్ బొమ్మ తియ్యదు. దానికి కన్ను లేదు. "ఉన్నారు, లేరు, ఇంత దూరంలో ఉన్నారు" అని మాత్రమే చెబుతుంది. కెమెరా పెట్టలేని చోట ఇది పెట్టవచ్చు. అదే దీని గొప్ప. అయితే బొమ్మ తియ్యకపోయినా కబురు మోస్తుంది. ఆ కబురు ఎవరికి వెళ్తుంది అన్నది మనం చూసుకోవాలి. ఏ గదిలో ఎవరు ఎంతసేపు ఉన్నారో ఫోనుకి పంపించే సదుపాయం వీటిలో ఉంటుంది. పెద్దావిడ కోసమే కాదు, మన సంగతీ ఆలోచించండి. పనంతా అయ్యాక మధ్యాహ్నం అరగంట నడుం వాల్చామా, పక్కింటికి వెళ్లామా అన్నది ఎక్కడో కూర్చున్నవాళ్ల ఫోనులో కనబడాలా? అందుకని మా ఇంట్లో వంటింటికి, పడక గదులకి అలాంటి కబుర్లేవీ వద్దని నేను ముందే చెప్పేశాను. మా వారూ సరేనన్నారు.

అత్తయ్యగారిని కూడా కూర్చోబెట్టి అడిగాం. ఆవిడ ఒప్పుకున్నది ఒక్కటే. బాత్‌రూంలో అరగంట దాటి ఉండిపోతే వంటింట్లో గంట మోగాలి. ఎవరి ఫోనుకీ ఏమీ వెళ్లకూడదు. అలాగే పెట్టాం. పెట్టాక ఒకసారి మోగింది కూడా! పరుగెత్తి తలుపు కొడితే, "మడిచీర తడిపి పిండుకుంటున్నానే, ఏం కొంపలు మునిగాయని?" అని కేకలేశారు. ఆ కేకలు వినడం కన్నా హాయి ఇంకేముంటుంది చెప్పండి!

షాపులో ఏం అడగాలి?

ఇక కొనే సంగతికి వద్దాం. మొట్టమొదట, "రాడార్" అన్న పేరు చూసి తొందరపడకండి. 5.8 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ సెన్సార్ ఉన్న బల్బులు కూడా రాడార్ పేరుతోనే అమ్ముతారు. మామూలుగా అవి కూడా కదలికనే చూస్తాయి, ఊరికే కూర్చున్న మనిషిని పట్టించుకోవు. పైగా పల్చటి గోడలు, తలుపులు దాటి అవతల నడిచేవాళ్లకి కూడా వెలుగుతాయి. పెట్టె మీద 24 గానీ 60 గానీ గిగాహెర్ట్జ్ అని ఉందో లేదో, కదలని మనిషిని కూడా గుర్తిస్తుందని రాశారో లేదో చదవండి. "ప్రెజెన్స్" అన్న మాట ఉండాలి. "మోషన్" అని మాత్రమే ఉంటే అది మనకి కావలసింది కాదు.

ఆ తరువాత రెండు దారులున్నాయి. ఇంట్లో వైరింగు, కంప్యూటరు తెలిసిన పిల్లలుంటే విడి ముక్క కొని బిగించుకోవచ్చు. హై-లింక్ కంపెనీ వారి ఎల్.డి. 2410 అనేది ఇలాంటి వాటిలో బాగా వాడుకలో ఉంది. అది 24 గిగాహెర్ట్జ్‌ది, బొటనవేలంత ఉంటుంది, అయిదు వోల్టులతో నడుస్తుంది, అయిదు మీటర్ల దాకా చూస్తుంది. వందల రూపాయల్లోనే వస్తుంది. దానికి ఇ.ఎస్.పి. 32 అనే చిన్న బోర్డు జతచేసి, హోమ్ అసిస్టెంట్ అనే ఉచితమైన సాఫ్ట్‌వేరుతో నడిపించుకుంటారు. ఇందులో మంచి ఏమిటంటే, సమాచారం అంతా మన ఇంట్లోనే ఉంచుకోవచ్చు, బయటి కంపెనీకి పోనక్కర్లేదు. అదే కంపెనీవారి ఎల్.డి. 2450 అయితే ముగ్గురు మనుషులు ఎక్కడెక్కడ ఉన్నారో విడివిడిగా చెబుతుంది.

ఆ తంటా పడలేని వాళ్లకి తయారుగా ఉన్నవి దొరుకుతాయి. 2023లో వచ్చిన అకారా వారి ఎఫ్.పి. 2 లాంటివి 60 గిగాహెర్ట్జ్‌తో పనిచేస్తాయి. గదిని భాగాలుగా విడదీసి, సోఫా దగ్గర ఒకలా, మంచం దగ్గర ఒకలా పనిచేయించవచ్చు. ధర మాత్రం వేలల్లో ఉంటుంది. ఒక్క బాత్‌రూం లైటు కోసం అంత పెట్టాలా అన్నది మీ పర్సుని అడిగి తేల్చుకోండి.

రాడార్ ఎప్పుడూ తరంగాలు పంపుతూ ఉండాలి గనుక, చాలావాటికి బ్యాటరీ చాలదు, పక్కనే ప్లగ్గు ఉండాలి. దీనికయ్యే కరెంటు తక్కువే. బోర్డుతో కలిపి ఒక వాటు పైచిలుకు, నెలకి ఒక యూనిట్ లోపే. అలాగని దీపాలు ఆరి బిల్లు సగమైపోతుందని ఆశపడకండి. తొమ్మిది వాట్ల బల్బు రోజూ రాత్రి పది గంటలు వృథాగా వెలిగినా నెలకి మూడు యూనిట్లు కూడా కాదు. పాత రకం ఫ్యాను రోజుకి నాలుగు గంటలు ఊరికే తిరిగితే మాత్రం నెలకి తొమ్మిది యూనిట్ల దాకా పోతుంది. ఏ.సి. అయితే ఇంకా ఎక్కువ. పొదుపు కోసమే అయితే ఫ్యాను, ఏ.సి. ఉన్న గదిలో పెట్టుకోండి. బాత్‌రూంలో పెట్టేది పొదుపు కోసం కాదు, పెద్దవాళ్ల క్షేమం కోసం.

మన ఇళ్లలో వచ్చే చిక్కులు

అన్నిటికన్నా పెద్ద చిక్కు మన సీలింగ్ ఫ్యాను. చలిదేశాల వాళ్లు దీని గురించి అంతగా తలుచుకోరు గానీ, మనకి ఫ్యాను లేనిదే పొద్దుగడవదు. తిరిగే రెక్కలు రాడార్‌కి కదిలే మనిషిలాగే కనిపిస్తాయి. మావాడు అత్తయ్యగారి గదిలో కూడా ఒకటి పెట్టి చూశాడు. గదిలో ఎవరూ లేకపోయినా లైటు ఆరదు! దండెం మీద ఆరేసిన బట్టలు, గాలికి ఊగే కర్టెన్లు, బాత్‌రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాను, పక్కనే అదిరే వాషింగ్ మెషీను, అన్నీ ఇంతే.

దీనికి మందు లేకపోలేదు. సెన్సార్‌ని పైకప్పుకి పెట్టకుండా గోడకి, నాలుగైదు అడుగుల ఎత్తులో, మనిషి కూర్చునే వైపుకి తిప్పి పెట్టాలి. ఫ్యాను దాని చూపు దాటి పైన ఉండిపోతుంది. అలా కుదరకపోతే దూరాన్ని బట్టి సర్దుకోవాలి. మంచి సెన్సార్లు గదిని మెట్లు మెట్లుగా కొలుస్తాయి. నేను చెప్పిన ఎల్.డి. 2410 ముప్పావు మీటరుకి ఒక మెట్టు లెక్కన కొలుస్తుంది. ప్రతి మెట్టుకీ చురుకుదనం విడివిడిగా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఫ్యాను ఏ మెట్టులో పడుతుందో చూసి అక్కడ తగ్గించేస్తే సరి. ఈ సౌకర్యం లేనిది ఎంత చౌకగా వచ్చినా మన ఇళ్లకి వద్దు. ఇది నేను ఖచ్చితంగా చెప్పే మాట.

రెండో చిక్కు తలుపులు. ఇటుక గోడని ఈ తరంగాలు అంతగా దాటవు గానీ ప్లైవుడ్‌ని, అద్దాన్ని, ప్లాస్టిక్‌ని దాటేస్తాయి. మన బాత్‌రూం తలుపులు ఇప్పుడు ఎక్కువగా పి.వి.సి.వే కదా! సెన్సార్ తలుపుకి ఎదురుగా ఉంటే వసారాలో నడిచేవాళ్లకి కూడా లోపల లైటు వెలుగుతుంది. కాబట్టి తలుపు ఉన్న గోడకే పెట్టి లోపలికి తిప్పడం మేలు. ఇదే గుణం ఒక రకంగా ఉపకారం కూడా. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో దాచిపెట్టినా పనిచేస్తుంది, నీటి తుంపర తగలకుండా కాపాడుకోవచ్చు. ఇనుము మాత్రం దాటదు. ఇనప బీరువా వెనక ఏముందో దానికి తెలియదు, పైగా బీరువా మీద తరంగాలు తగిలి పక్కకి తిరిగి లెక్క తప్పిస్తాయి.

మూడోది వైరింగు. పాత ఇళ్లలో స్విచ్చి పెట్టెలోకి ఫేజు ఒక్కటే వస్తుంది, న్యూట్రల్ ఉండదు. తనంతట తాను లైటు వేసే పరికరాలకి చాలావరకు న్యూట్రల్ కావాలి. కొనే ముందే ఎలక్ట్రీషియన్ చేత పెట్టె విప్పించి చూపించండి. బాత్‌రూంలోకి అయిదు వోల్టుల సన్నటి వైరు మాత్రమే వెళ్లాలి. ప్లగ్గు, చార్జరు బయటే ఉండాలి. నీళ్లున్న చోట కరెంటుతో ఆటలు వద్దు.

నాలుగోది, కరెంటు పోవడం. కరెంటు పోయి వచ్చినప్పుడు, ఇంటర్నెట్ లేనప్పుడు లైటు ఏమవుతుందో అడిగి తెలుసుకోండి. ఇంటర్నెట్ ఉంటేనే దీపం వెలిగేదైతే అది దీపమే కాదు. ఇంట్లోనే నిర్ణయం తీసుకునే రకం కొనండి. ముఖ్యంగా గోడ మీద మామూలు స్విచ్చి పనిచేస్తూనే ఉండాలి. పెద్దవాళ్లకి చెయ్యి అలవాటైన చోట స్విచ్చి లేకుండా చేయకండి.

బిగించాక పరీక్ష

డబ్బులిచ్చి ఎలక్ట్రీషియన్‌ని పంపేసే ముందు మూడు పరీక్షలు చెయ్యండి. ఒకటి, గదిలో అన్నిటికన్నా దూరపు మూలన కుర్చీ వేసుకుని, ఈ పత్రిక చేతిలో పట్టుకుని, పావుగంట కదలకుండా కూర్చోండి. లైటు ఆరకూడదు. రెండు, గది ఖాళీ చేసి, ఫ్యాను అయిదు మీద పెట్టి, తలుపు వేసి చూడండి. ఒకటి రెండు నిమిషాల్లో ఆరిపోవాలి. మూడు, లైటు ఆరాక తలుపు బయట అటూ ఇటూ నడవండి. లోపల వెలగకూడదు. మూడింటిలో దేనికి తప్పినా జాగా మార్చమనండి. చాలాసార్లు వస్తువు మంచిదే అయినా, పెట్టిన చోటు బాగుండదు.

అడుగు పెట్టగానే తటాలున వెలగాలి, కూర్చున్నంతసేపూ ఆరకూడదు అనుకుంటే రెండు రకాలూ కలిపి వాడవచ్చు. వెలిగించడానికి పి.ఐ.ఆర్., ఆరకుండా చూడడానికి రాడార్. ఇప్పుడు మా బాత్‌రూంలో అలాగే ఉంది. కూర మొదలుపెట్టేటప్పుడు పెద్ద మంట, ఉడకడానికి సన్న మంట అన్నట్టు!

రేడియేషన్ అని భయపడేవాళ్లుంటారు. మైక్రోవేవ్ ఓవెన్ వందల వాట్లతో పనిచేస్తుంది, అందుకే దానికి ఇనప గది లాంటి పెట్టె. ఈ సెన్సార్ వదిలేది వాటులో వెయ్యో వంతుల లెక్కలో ఉంటుంది. చెవికి ఆనించుకుని మాట్లాడే ఫోను ఇంతకన్నా ఎక్కువే వదులుతుంది. గుండెకి పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం ఒక మాట డాక్టరుగారిని అడగడంలో తప్పులేదు.

చివరిగా ఒక మాట. కొన్ని సెన్సార్లు మనిషి పడిపోతే కూడా చెబుతాయని అంటారు. అది ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. పడ్డాక చెప్పేదానికన్నా పడకుండా ఆపేది ముందు కావాలి. కమోడ్ పక్కన గోడకి గట్టి స్టీలు కడ్డీ, కాలు జారని చాప, చేతికందేంత దూరంలో పిలిచే గంట, ఈ మూడూ పెట్టాకే రాడార్ గురించి ఆలోచించండి. మేము కూడా కడ్డీ బిగించాకే దీని జోలికి వెళ్లాం.

ఏది పెట్టినా ఆ గదిలో ఉండేవాళ్లని ముందు అడగండి. వాళ్ల కోసమే కదా అని వాళ్లని అడగకుండానే అన్నీ అమర్చేయడం మన ఇళ్లలో అలవాటు. పెద్దవాళ్లకి కావలసింది వెలుతురే గానీ కాపలా కాదని నా అభిప్రాయం. మరి మీరేమంటారు?